ఆర్బిఫోలియా అంచులు ఎండిపోతున్నాయి, దయచేసి చూసి చెప్పండి

మియాపూర్_బాల్కనీ | ఏప్రిల్ 9

అందరికీ నమస్తే అండి. ఫిబ్రవరి మొదటి వారంలో కలతియా ఆర్బిఫోలియా అనే ఇండోర్ మొక్క తెచ్చుకున్నాను. తెచ్చిన రోజు ఏడాకులు. ఒక్కొక్కటి అరచెయ్యి కన్నా వెడల్పు, లేతాకుపచ్చ మీద వెండి చారలు. ఇవాళ్టికి నాలుగే మిగిలాయి. ఆ నాలుగింటికీ అంచుల వెంట అర అంగుళం మేర కాల్చిన అప్పడంలా అయిపోయింది, పట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. పగలు కూడా ఆకులు చుట్ట చుట్టుకుంటున్నాయి.

పడకగదిలో తూర్పు కిటికీకి మూడడుగుల దూరంలో పెట్టాను. రోజూ పొద్దున ఒక గ్లాసు నీళ్ళు పోస్తాను. తెచ్చిన వారానికే నర్సరీ కుండీలోంచి 12 అంగుళాల పింగాణీ కుండీలోకి మార్చాను, ఎర్రమట్టి, పశువుల ఎరువు సగం సగం. రోజుకు నాలుగుసార్లు ఆకుల మీద స్ప్రే చేస్తున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు, చాలకపోతే ట్యాంకరు.

అమ్మ రిటైరైన రోజు నీకిష్టమైన మొక్క చూపించు, కొంటానంటే ఇదే చూపించింది. ఊళ్ళో పెడితే తట్టుకోదేమోనని నా దగ్గరే ఉంచి వెళ్ళింది. జూన్‌లో వస్తుంది. అప్పటికి బతికుంటే చాలు.

మట్టివాసన | ఏప్రిల్ 9

ముందు కొన్ని సంగతులు చెప్పండి. కుండీ అడుగున చిల్లు ఉందా? గదిలో ఏసీ ఎన్ని గంటలు నడుస్తుంది? వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చితే తడి తగులుతోందా? ఆకు వెనకవైపు ఫొటో ఒకటి పెట్టండి, వెలుతురులో తీసింది. ఇవి తెలిసేదాకా ఏదీ మార్చకండి.

టెర్రస్_తోట_గుంటూరు | ఏప్రిల్ 9

నీళ్ళు చాలకే అంచులు ఎండుతున్నాయి అనిపిస్తోంది. రోజుకు రెండు పూటలా పోయండి, బాల్కనీలో కాస్త ఎండ తగలనివ్వండి. మా క్రోటన్లు అలాగే కోలుకున్నాయి.

మట్టివాసన | ఏప్రిల్ 9

అన్నా, క్రోటన్ ఎండను ఇష్టపడే మొక్క, ఎండ పడితేనే దానికి రంగులొస్తాయి. కలతియా దక్షిణ అమెరికా వర్షారణ్యాల్లో పెద్ద చెట్ల కింద, నేల దగ్గర పెరిగేది. నేరుగా ఎండ తగిలితే ఒక్క మధ్యాహ్నంలో ఆకు తెల్లబారిపోతుంది. ఏప్రిల్‌లో బాల్కనీలో పెట్టమని మాత్రం చెప్పొద్దు, దయచేసి.

మియాపూర్_బాల్కనీ | ఏప్రిల్ 9

కుండీకి చిల్లు లేదండి. అడుగున గులకరాళ్ళు వేశాను, నీళ్ళు అక్కడికి దిగుతాయని. ఏసీ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా. వేలు పెట్టి చూశాను. పైన పొడిగా ఉంది, లోపల జిగటగా, చల్లగా ఉంది. వేలికి అంటుకున్న మట్టి కొంచెం మురుగు వాసన వస్తోంది. ఆకు వెనక ఫొటో పెట్టాను.

కడియం_నర్సరీ_కుర్రాడు | ఏప్రిల్ 10

అక్కా, మాది కడియపులంక. తాతల నాటి నుంచి ఇదే పని మాకు. ఫొటో చూశాను. ఆకు వెనక పురుగేమీ లేదు. వేళ్ళే కుళ్ళుతున్నాయి.

పెద్ద కుండీలో చిన్న మొక్కను పెడితే వేళ్ళు తాగే నీళ్ళ కన్నా మట్టి పట్టి ఉంచే నీళ్ళు ఎక్కువవుతాయి. దానికి తోడు ఎర్రమట్టి గట్టిపడిపోయి గాలి ఆడదు. చిల్లు లేకపోతే గులకరాళ్ళు ఎన్ని వేసినా లాభం లేదు, వాటి మధ్య నిలిచిన నీళ్ళు అక్కడే మురుగుతాయి. గాలి అందక వేరు చచ్చిపోతే అది నీళ్ళు పీల్చలేదు. అందుకే మట్టి తడిగా ఉన్నా ఆకు దాహంతో చుట్టుకుంటుంది. మనం అది చూసి ఇంకో గ్లాసు పోస్తాం. మా దగ్గర కొనుక్కెళ్ళినవాళ్ళలో కూడా చాలామంది మొక్కలు ఇలాగే పోతుంటాయి.

మా దగ్గర వీటిని నల్ల షేడ్‌నెట్ కింద పెంచుతాం, నూటికి డెబ్బై అయిదు పాళ్ళు నీడ ఉండేది. కింద నేల తడుపుతాం, మధ్యాహ్నం మంచులా నీళ్ళు చిమ్మే ఫాగర్లు నడుస్తాయి. లోపలికి అడుగు పెడితే చెమట ఆరదు. అలాంటి చోట నుంచి లారీ ఎక్కి హైదరాబాద్ ఏసీ గదికి వచ్చిన మొక్క మొదటి నెలలో ఒకటి రెండాకులు వదిలేయడం మామూలే. అలా రెండాకులు రాలాయని కంగారుపడి వెంటనే కుండీ మార్చకూడదు. కనీసం మూడు వారాలు అదే కుండీలో ఉంచి, చోటు అలవాటు పడనివ్వాలి.

మామూలుగా అయితే కుండీ మార్చడానికి తొలకరి దాకా ఆగమంటాను. వేరు కుళ్ళింది కాబట్టి ఆగకండి. రేపే తీయండి.

మియాపూర్_బాల్కనీ | ఏప్రిల్ 11

తీశాను. చెప్పడానికే బాధగా ఉంది. మట్టి ముద్ద ఇటుకలా ఊడొచ్చింది. బకెట్ నీళ్ళలో పెట్టి మెల్లగా కరిగించాను. కింది సగం వేళ్ళు ముదురు గోధుమరంగులో ఉన్నాయి. చేతి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని లాగితే పైతోలు గొట్టంలా జారిపోయి లోపల సన్నటి దారంలాంటిది మాత్రం చేతిలో మిగులుతోంది. దుంప దగ్గర మాత్రం తెల్లగా, గట్టిగా ఉన్న వేళ్ళు ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి. వాటి పక్కనే మినపగింజంత తెల్లటి మొన ఒకటి పొడుచుకొచ్చింది. అది కొత్త పిలకేనా?

మట్టివాసన | ఏప్రిల్ 11

పిలకేనండి! దుంప గట్టిగా ఉంటే మొక్క బతుకుతుంది. దీన్ని పసుపు మొక్కలా అనుకోండి. అరటి, అల్లం, పసుపు, కలతియా అన్నీ ఒకే క్రమానికి (ఆర్డర్) చెందినవి. ఆరారూట్ మొక్కైతే మరీ దగ్గరి చుట్టం, కుటుంబమే ఒకటి. దుంపలో శక్తి దాచుకుని మళ్ళీ చిగురించడం వీటికి పుట్టుకతో వచ్చిన గుణం.

జారిపోయే వేళ్ళన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేయండి. మిగిలిన వేళ్ళ గుత్తి కన్నా అంగుళం మాత్రమే వెడల్పున్న, చిల్లులున్న ప్లాస్టిక్ కుండీ తీసుకోండి. మట్టి అస్సలు వద్దు. నేను వాడేది ఇది: కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) రెండు పాళ్ళు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) ఒక పాలు, చెట్టు బెరడు ముక్కలు ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక గుప్పెడు, బొగ్గు ముక్కలు కొన్ని. కోకోపీట్ ఇటుకను నానబెట్టి మూడుసార్లు పిండి కడగండి, మొదటి నీళ్ళు టీ రంగులో వస్తాయి. అందులో ఉప్పు ఉంటుంది, కలతియాకు అది పడదు. పింగాణీ కుండీ మీద మోజు ఉంటే ఈ ప్లాస్టిక్ కుండీని అందులో దించి పెట్టుకోండి, నీళ్ళు పోసేటప్పుడు బయటికి తీసి పోయండి.

కోలుకునేదాకా ఎరువు వేయొద్దు.

నల్గొండ_పెరడు | ఏప్రిల్ 12

వేళ్ళ సంగతి తేలింది, సంతోషం. కానీ అంచుల సంగతి అక్కడితో పూర్తవదు. నీళ్ళ గురించి మావాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు, అందుకే రాస్తున్నాను.

మా జిల్లా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ గురించి మీరు వినే ఉంటారు. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు, మా చుట్టుపక్కల ఊళ్ళలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పళ్ళు గారపట్టినవాళ్ళు, ఎముకలు వంగిపోయినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. తాగడానికి ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్ళు వస్తున్నాయి. మొక్కలకు మాత్రం బోరే వాడేదాన్ని. నా కలతియాలు రెండు అంచుల నుంచి లోపలికి ఎండుకుంటూ పోయాయి. అదే బోరు నీళ్ళతో మనీప్లాంట్ పచ్చగానే ఉండేది, అందుకే నీళ్ళ మీద అనుమానం రాలేదు.

వేరు పీల్చిన నీళ్ళు ఆకులోంచి ఆవిరై పోతాయి. నీళ్ళతో వచ్చిన ఫ్లోరైడ్, ఉప్పులు పోవు. అవి నీటి ప్రయాణం ఆగే చోట, అంటే కొసన, అంచున పోగుపడతాయి. కలతియా జాతి దీనికి చాలా త్వరగా దెబ్బతింటుంది, స్పైడర్ ప్లాంట్, డ్రసీనా కూడా అంతే. ఎండిన ఆ అంచు మళ్ళీ పచ్చబడదు, కొత్తాకులు శుభ్రంగా వస్తున్నాయా లేదా అన్నదే చూసుకోవాలి.

టెర్రస్_తోట_గుంటూరు | ఏప్రిల్ 12

అయితే నీళ్ళు కాచి చల్లార్చి పోస్తే?

నల్గొండ_పెరడు | ఏప్రిల్ 12

అన్నా, అది చేయొద్దు. కాస్తే నీళ్ళు కొంత ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది, ఇంకా చిక్కబడుతుంది. రాత్రంతా బకెట్‌లో ఉంచితే క్లోరిన్ కొంత పోతుంది, అది మున్సిపల్ నీళ్ళకు పనికొస్తుంది. ఫ్లోరైడ్‌కీ ఉప్పులకీ పనిచేయదు. వాననీళ్ళు, ఆర్‌ఓ నీళ్ళు, ఏసీ నీళ్ళు, ఈ మూడే దారులు.

మియాపూర్_బాల్కనీ | ఏప్రిల్ 14

నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటరు కొన్నాను. మా బోరు 870. ఆర్‌ఓ 52. ఏసీ పైపు కింద పెట్టిన బకెట్‌లో నీళ్ళు 14! రాత్రికి దాదాపు నాలుగు లీటర్లు వస్తున్నాయి, ఇన్నాళ్ళూ డ్రైనేజీలోకి పోయేవి. మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదని తెలుసుకున్నాను, అయినా 870 అంకె చూశాక ఆ నీళ్ళు మళ్ళీ ఈ మొక్కకు పోయను. నాలుగు నెలలుగా నేనే ఉప్పు నీళ్ళు తాగిస్తున్నానని గుర్తొస్తే... ఆ స్ప్రే బాటిల్‌లో కూడా అవే నీళ్ళు. ఆకుల మీద తెల్లటి చుక్కలు అందుకే వచ్చాయి.

మట్టివాసన | ఏప్రిల్ 14

ఫిబ్రవరి నుంచి రెండు నెలలే అయింది, అంత కుమిలిపోకండి. ఏసీ నీళ్ళు బాగానే పనిచేస్తాయి. ఒక్క జాగ్రత్త: సర్వీసింగ్ చేయించిన తర్వాత రెండు మూడు రోజులు ఆ నీళ్ళు పట్టకండి, కడగడానికి వాడిన మందు అందులోకి దిగుతుంది.

సాగరతీరం_వైజాగ్ | ఏప్రిల్ 15

మాకు ఇక్కడ గాలిలో తేమకు కొదవ లేదు. ఆర్బిఫోలియా, మకోయానా, జీబ్రినా మూడు రకాల కలతియాలూ హాల్లో ఉన్నాయి, ఎప్పుడూ స్ప్రే చేయలేదు. మా బాధ వేరే. వర్షాకాలంలో ఆకు మీద నీళ్ళు నిలిస్తే చుట్టూ పసుపు వలయంతో మచ్చలొస్తాయి. కిటికీ తెరిచి గాలి ఆడనిస్తే తగ్గుతాయి. ఒకే మొక్కకు ఊరిని బట్టి జాగ్రత్తలు మారతాయి, అది గుర్తుపెట్టుకోండి.

డల్లాస్_తోటకూర | ఏప్రిల్ 15

మాకు చలికాలంలో హీటర్ వేస్తే ఇంట్లో తేమ 25 శాతానికి పడిపోతుంది. మీ ఏసీ గది, మా హీటర్ గది మొక్కకు ఒకటే. నేను అన్నీ చేసి చూశాను. స్ప్రే చేస్తే పది నిమిషాల్లో ఆరిపోతుంది, తేమ పెరగదు. గులకరాళ్ళ పళ్ళెంలో నీళ్ళు పోసి పైన కుండీ పెడితే మీటరు మీద రెండు మూడు అంకెలు కదిలింది, అంతే. మొక్కలన్నీ దగ్గర దగ్గరగా పెడితే కాస్త నయం. నిజంగా పనిచేసింది గాలికి తేమ ఇచ్చే హ్యూమిడిఫయర్. ఇంకో మొక్కను అద్దాల బీరువాలో పెట్టాను, అది ఇంకా బాగుంది. ముందు గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొనండి. 50 శాతం దాటితే ఆర్బిఫోలియా సర్దుకుంటుంది, 60 ఉంటే హాయిగా ఉంటుంది.

అన్నట్టు, పిల్లి ఉన్నవాళ్ళకు ఒక మాట. కలతియా పిల్లులకు, కుక్కలకు విషం కాదు. నేను దీన్ని ఎంచుకున్నదే అందుకు. డైఫెన్‌బాకియా, అలొకేసియా అలా కాదు, కొరికితే నోరు మండి వాచిపోతుంది.

మియాపూర్_బాల్కనీ | ఏప్రిల్ 18

హైగ్రోమీటర్ వచ్చింది. మూడు రోజులు చూశాను. పడకగదిలో ఏసీ నడిచేటప్పుడు 33. హాల్లో మధ్యాహ్నం 28. కూలర్ వేసిన గంటకు అదే హాల్లో 59! రెండుసార్లు చూశాను, నిజమే.

కడియం_నర్సరీ_కుర్రాడు | ఏప్రిల్ 18

మరి అదే కదా అక్కా, కూలర్ అంటే మా ఫాగరుకు తమ్ముడి లాంటిది. ఏసీ గాలిలో నీళ్ళు లాగేస్తుంది, కూలర్ గాలికి నీళ్ళు ఇస్తుంది. హాల్లోకి మార్చేయండి. గాలి మాత్రం నేరుగా ఆకు మీద కొట్టకూడదు. కూలర్‌కు పక్కగా ఏడెనిమిది అడుగుల దూరంలో పెట్టండి. ఆకు కదులుతూ కనిపిస్తే ఇంకా దూరం జరపండి.

వెలుతురుకు నేను కొనేవాళ్ళకు చెప్పే గుర్తు ఒకటుంది. పట్టపగలు మొక్క పెట్టే చోట తెల్ల కాగితం పెట్టి, జానెడు పైన చెయ్యి పట్టండి. నీడ అంచులు కత్తిరించినట్టు పడితే వెలుతురు ఎక్కువ. నీడే కనపడకపోతే చీకటి. మసక మసకగా చెయ్యి ఆకారం తెలుస్తుంటే సరిపోయింది.

మియాపూర్_బాల్కనీ | ఏప్రిల్ 27

ఇప్పుడు హాల్లో ఉత్తరం కిటికీ పక్కన ఉంది. కుండీ మార్చినరోజే నాలుగు పుల్లలు గుచ్చి పైన పల్చటి ప్లాస్టిక్ కవరు కప్పాను, రోజూ ఒక గంట తీస్తున్నాను. ఆకులు చుట్టుకోవడం ఆగింది. కానీ ఒకాకు పూర్తిగా పసుపైంది, మూడే ఉన్నాయి. ఇంకో సందేహం. పొద్దున లేచేసరికి ఆకు అంచుల్లో ముత్యాల్లా నీటి బొట్లు ఉంటున్నాయి. నేను నీళ్ళేమీ చల్లలేదు.

మట్టివాసన | ఏప్రిల్ 27

అది మంచి కబురు. రాత్రి వేళ్ళు నీళ్ళు పైకి నెడుతుంటే ఆకు అంచుల్లోని సన్నటి రంధ్రాల నుంచి అలా బయటికొస్తాయి. చచ్చిన వేరు ఆ పని చేయలేదు. మీ తెల్ల వేళ్ళు పనిలోకి దిగాయి.

నీళ్ళు రోజూ పోయకండి. కుండీ చేత్తో ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి. నిండా పోసినప్పటి బరువు గుర్తుంటే, తేలికైనప్పుడు చెయ్యే చెబుతుంది. పై అంగుళం ఆరగానే అడుగు నుంచి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచింది పారబోయండి. పూర్తిగా ఎండనివ్వడమూ తప్పే.

కొత్తసభ్యురాలు_రాజమండ్రి | మే 3

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఇంట్లో ఉన్నది లాన్సిఫోలియా, పాము చర్మంలా చుక్కలుండేది. సాయంత్రం ఆరున్నరకు ఆకులన్నీ పైకి లేచి నిలబడతాయి. మా అబ్బాయి మొక్క దణ్ణం పెడుతోందంటాడు. ఎలా లేస్తాయి?

మట్టివాసన | మే 3

ఎంత మంచి ప్రశ్న! ఇలాంటివి మన పెరళ్ళలోనే ఉన్నాయి. చింతాకు రాత్రికి ముడుచుకుంటుంది. నిద్రగన్నేరుకు ఆ పేరు వచ్చిందే అందుకు. అత్తిపత్తి ముట్టుకుంటేనే ముడుచుకుంటుంది. అన్నిటికీ ఆకు మొదట్లో మోకాలు లాంటి చిన్న ఉబ్బు ఉంటుంది, దాన్ని పల్వినస్ అంటారు. మీ లాన్సిఫోలియాలో ఆకు కాడతో కలిసే చోట వేలితో తడిమి చూడండి, కాస్త లావుగా, నున్నగా తగులుతుంది. అందులో ఒకవైపు కణాలు నీళ్ళు నింపుకుంటే, రెండోవైపు కణాలు ఖాళీ చేస్తాయి. ఆకు ఆ వైపుకు వంగుతుంది. పగలూ రాత్రీ గుర్తుపెట్టుకునే గడియారం మొక్కలోనే ఉంటుంది కాబట్టి రోజూ ఇంచుమించు అదే వేళకు జరుగుతుంది.

కుండీలో ఎప్పుడైనా వేళ్ళకు చిన్న ఉర్లగడ్డల్లాంటివి కనిపిస్తే పురుగనుకుని కొయ్యకండి. లాన్సిఫోలియా నీళ్ళు దాచుకునే గడ్డలవి.

ఇంకొక చిన్న విషయం. 2012లో శాస్త్రవేత్తలు కలతియాల్లో చాలావాటిని గోపర్షియా అనే ప్రజాతిలోకి మార్చారు. ఆర్బిఫోలియా, లాన్సిఫోలియా రెండూ అందులోకే వెళ్ళాయి. నర్సరీల్లో పాత పేరే చలామణిలో ఉంది. రెండు పేర్లూ చూసి వేర్వేరు మొక్కలనుకుని రెండుసార్లు కొనకండి.

మియాపూర్_బాల్కనీ | మే 19

అర్జెంటుగా సాయం కావాలి. పిలక నుంచి కొత్తాకు గొట్టంలా పైకొచ్చింది, ఇంకా విచ్చుకోలేదు. పాత ఆకు మీద సూదితో గుచ్చినట్టు సన్నటి లేత చుక్కలొచ్చాయి. ఆకు కాడ మలుపులో సాలెగూడులా ఏదో ఉంది. బాగా టెన్షన్‌గా ఉంది.

నల్గొండ_పెరడు | మే 19

ఆకు కింద తెల్ల కాగితం పెట్టి, పైన వేలితో రెండు దెబ్బలు కొట్టండి. కాగితం మీద పడ్డ నలుసులు ఒక నిమిషం చూడండి. నడిస్తే ఆకు రసం పీల్చే నల్లి, కదలకపోతే దుమ్ము.

మియాపూర్_బాల్కనీ | మే 19

నడుస్తున్నాయి. ఎర్రగా, ఆవగింజలో పదో వంతు ఉన్నాయి.

నల్గొండ_పెరడు | మే 19

భయపడకండి, మొదట్లోనే పట్టుకున్నారు. పొడి గాలి, ఎండలు దీనికి పండగ. ఇప్పుడే బాత్రూంలోకి తీసుకెళ్ళి కుండీ మట్టిని కవరుతో కట్టి, ఆకుల వెనక సన్నటి ధారతో కడగండి. తర్వాత మెత్తటి గుడ్డతో వెనకా ముందూ తుడవండి. లేత గొట్టాన్ని ముట్టుకోవద్దు. సాయంత్రం లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల ద్రవ సబ్బు కలిపి ముందు ఒక్కాకు వెనక చల్లి చూడండి. రేపటికి ఆ ఆకు బాగుంటే మిగతావాటికి చల్లండి. ఇక్కడ ఒక్కసారి చేసి వదిలేయడమే తప్పు. గుడ్లు పొదుగుతూ ఉంటాయి, అయిదు రోజులకొకసారి చొప్పున నాలుగుసార్లు చేయాలి. పక్కనున్న మొక్కలు కూడా చూడండి.

టెర్రస్_తోట_గుంటూరు | మే 20

ఇదంతా చదివాక మా అమ్మాయి కలతియాను బాల్కనీలోంచి లోపలికి తెచ్చాను. మట్టివాసన తమ్ముడు చెప్పింది నిజం, ఎండ తగిలిన వైపు ఆకులు తెల్లబడ్డాయి. మొదట్లో తప్పు సలహా ఇచ్చాను, క్షమించాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏ రకం కొనాలి?

కడియం_నర్సరీ_కుర్రాడు | మే 20

హైదరాబాద్, గుంటూరు ఎండలకు మొదట మరాంటా కానీ టెనాంతి కానీ కొనండి. అవీ రాత్రికి లేస్తాయి, ఇంత సుకుమారం కాదు. కలతియానే కావాలంటే లాన్సిఫోలియా. ఒర్నాటా, ఆర్బిఫోలియా, వైట్ ఫ్యూజన్ రెండో ఏడాదికి ఉంచుకోండి. జులైలో కొనండి, ఏప్రిల్‌లో వద్దు. అమ్మేవాణ్ణే చెబుతున్నాను.

మియాపూర్_బాల్కనీ | జూన్ 21

మొన్న అమ్మ వచ్చింది. నల్లి పోయింది, నాలుగోసారి చల్లాక కాగితం పరీక్షలో ఏమీ పడలేదు. వానలు మొదలయ్యాయి, బాల్కనీలో రెండు బకెట్లు పెట్టి వాననీళ్ళు పడుతున్నాను. మీటరులో 20 లోపే వస్తోంది. హాల్లో కూలర్ లేకుండానే తేమ 64.

కొత్తాకు విచ్చుకోవడానికి ఆరు రోజులు పట్టింది. మొదట పై అంచు ఒక్కటీ వదులైంది, తర్వాత రోజుకో మడత. విచ్చుకున్న రోజు ఆకు మీద చెయ్యి పెడితే పల్చటి పట్టుగుడ్డలా ఉంది, వెండి చారలు ఇంకా తడిగా మెరుస్తున్నట్టే ఉన్నాయి. అంచు చుట్టూ వేలు తిప్పి చూశాను. ఎక్కడా ఎండు మచ్చ లేదు. పాత ఆకుల ఎండిన అంచులను ఆకు ఆకారంలోనే కత్తిరించాను, సన్నటి గోధుమ గీత వదిలి. పచ్చటి భాగంలోకి కోస్తే మళ్ళీ ఎండుతుందని మట్టివాసన గారు విడిగా చెప్పారు.

అమ్మ దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. నిన్న సాయంత్రం ఆకులు లేస్తుంటే పిలిచి చూపించింది. దుంప పక్కన ఇంకో రెండు మొనలు వచ్చాయి. విడదీసి ఒక పిలక అమ్మకు ఊరికి పంపాలని ఉంది. ఎప్పుడు విడదీయాలి?

కడియం_నర్సరీ_కుర్రాడు | జూన్ 21

ఈ ఏడు వద్దక్కా. ఒక్కో పిలకకు సొంత వేళ్ళు, కనీసం మూడాకులు రానివ్వండి. వచ్చే జులైలో విడదీద్దాం. అమ్మగారి ఊళ్ళో ఏ నీళ్ళో కనుక్కుని ఉంచండి.

మియాపూర్_బాల్కనీ | జూన్ 22

చెరువు పక్క బావి నీళ్ళట. మీటరు అమ్మ సంచిలో పెట్టేశాను, వెళ్ళగానే కొలిచి అంకె చెబుతానంది.